కోడి ఎవరు కోశారు?

పట్నాల్లో ఏ హోటలుకి వెళ్ళినా ఇప్పుడు మెనూకార్డు మీద 'పెరి పెరి' అనే మాట కనిపిస్తోంది. పెరి పెరి చికెన్, పెరి పెరి చిప్స్. తినేవాళ్ళలో చాలామందికి అది ఆఫ్రికా మాటని తెలీదు. మిరపకాయకి స్వాహిలీ భాషలో ఉన్న పేరు నుంచి పుట్టిన మాట. అమెరికా ఖండంలో పుట్టిన మిరపని పోర్చుగీసువాళ్ళు ఓడల్లో ఆఫ్రికాకి మోసుకుపోయారు, మన దేశానికీ మోసుకొచ్చారు. అంటే 'మాది' అని మనం రొమ్ము విరుచుకునే గుంటూరు కారం కూడా వలస వచ్చిందే. ఆ మిరప పట్టించి నిప్పుల మీద కాల్చిన కోడిని అమ్మే ఒక చిన్న కొట్టుని 1987లో జోహానెస్‌బర్గ్‌లోని రోజెటెన్‌విల్ పేటలో ఫెర్నాండో డువార్టే, రాబర్ట్ బ్రోజిన్ అనే ఇద్దరు స్నేహితులు కొన్నారు. అదే నాండోస్ హోటలు. ఇవాళ అది దేశదేశాల్లో ఉంది. దక్షిణాఫ్రికాలో దాని శాఖలు చాలావాటికి హలాల్ ముద్ర ఉంది. ఆ దేశంలో ముస్లింలు నూటికి ఇద్దరు కూడా లేరు. అయినా అక్కడి తెల్లవాడు గానీ నల్లవాడు గానీ హిందువు గానీ ఆ ముద్ర చూసి తన మతం మంటగలిసిందని గుండెలు బాదుకోడు. కోడి తిని, చేతులు కడుక్కుని ఇంటికి పోతాడు.

మరి మన దగ్గర?

మన దగ్గరి సంగతి తెలియాలంటే చింతూరు రండి. భద్రాచలం నుంచి వచ్చే దారి, మారేడుమిల్లి ఘాట్ దిగి వచ్చే దారి, కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కి పోయే దారి, మోటు మీదుగా ఒడిశా మల్కన్‌గిరికి పోయే దారి ఇక్కడ కలుస్తాయి. పక్కన శబరి నది. కోయవాళ్ళు, కొండరెడ్లు తరతరాలుగా బతుకుతున్న నేల. 2014 దాకా ఖమ్మం జిల్లా, తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మార్చారు. జిల్లా పేర్లు మారినా దారి పక్క పొయ్యి మారలేదు. పచ్చి వెదురు బొంగుని కణుపు దగ్గర కోసి, ఉప్పూ కారం పసుపు పట్టించిన కోడి ముక్కలు అందులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. పచ్చి బొంగులోని తడే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. కోయగూడెంలో ఇది గిన్నె లేని చోట చేసుకునే వంట. పట్నంవాళ్ళకి ఇది 'బ్యాంబూ చికెన్'. మారేడుమిల్లి దారిలో కార్లు ఆపుకుని తినేది, అరకులో ఫొటో దిగి తినేది, ఇప్పుడు హైదరాబాద్ హోటళ్ళలో ఏసీ గదిలో తినేది.

ఈ దారి పక్క పొయ్యిల దగ్గర ఒకే ప్రశ్నని రెండు నోళ్ళతో విన్నాను. లారీ దిగిన ఒక ముస్లిం డ్రైవరు అడిగాడు: "కోడి ఎవరు కోశారు?" కోయ ఆమె తడుముకోకుండా బుట్టలోంచి బతికున్న కోడిని తీసి, కత్తి చేతికిచ్చి, "నువ్వే కోసుకో సాయిబూ, నాకేంటి" అంది. అతను బిస్మిల్లా అని కోసుకున్నాడు. ఆమె బొంగులో పెట్టి కాల్చి ఇచ్చింది. డబ్బులిచ్చి తిని పోయాడు. అక్కడితో అయిపోయింది. మరోసారి కారు దిగిన పట్నం కుర్రాళ్ళు అడిగారు: "కోడి ఎవరు కోశారు? ఇక్కడ తురకోళ్ళు ఎవరైనా కోస్తారా? హలాల్ అయితే మాకొద్దు. ఆ పక్క కొట్టు ఎవరిది? సాయిబుదా?" ఆ కోయ ఆమెకి వీళ్ళ కోపం ఎవరి మీదో అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

'రెండూ ఒకటే కదా, మీరు హలాల్ అడిగితే వాళ్ళు హలాల్ వద్దనడం వాళ్ళ హక్కు కాదా' అని నాతో వాదించే మిత్రులు చాలామంది ఉన్నారు. వాళ్ళు మంచివాళ్ళే. అందుకే వాళ్ళకి నింపాదిగా జవాబు చెప్పాలి. లారీ డ్రైవరు అడిగింది తన నోట్లోకి పోయే ముక్క గురించి. అతని ప్రశ్న అతని పళ్ళెం దగ్గర ఆగిపోయింది. హలాల్ తినని వాడు ఝట్కా తింటానంటే ఏ ముస్లిమూ అడ్డు చెప్పడు, చెప్పకూడదు. కారు కుర్రాళ్ళ ప్రశ్న మాత్రం ముక్క దగ్గర ఆగలేదు. పక్క కొట్టు దాకా పోయింది. ఆ కొట్టువాడి పేరు దాకా పోయింది. వాడి దగ్గర ఏం కొనకూడదో కాదు, వాడి దగ్గరే కొనకూడదు అనే దాకా పోయింది. మొదటిది ఆహార నియమం. రెండోది వెలి. ఈ దేశంలో వెలి అంటే ఏమిటో దళితుల్ని అడగండి, మాకంటే బాగా చెబుతారు.

ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న తిండి కొట్ల ముందు యజమానుల పేర్లు రాసిన బోర్డులు పెట్టాలని పోలీసులు ఆదేశాలిచ్చారు. జూలై 22న సుప్రీంకోర్టు వాటి అమలు నిలిపేసింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి ఎస్.వి.ఎన్. భట్టి ఉన్నారు. ఎలాంటి ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు, యజమాని పేరు చెప్పమని బలవంతం చేయకూడదు అన్నది ఆ మధ్యంతర ఉత్తర్వు సారాంశం. ఏం పెడుతున్నావో చెప్పు, నువ్వెవరో చెప్పనక్కర్లేదు. ఇంతకంటే సులువుగా లౌకికత్వాన్ని ఏ పుస్తకమూ చెప్పలేదు. కానీ మన లౌకిక మిత్రుల్లో ఎంతమంది ఈ మాటని బజారులో నిలబడి గట్టిగా అన్నారు?

పేర్ల గురించి ఇంకో మాట. చిన్న ఊళ్ళలో మావాళ్ళు పెట్టుకున్న ఫాస్ట్‌ఫుడ్ బండ్ల పేర్లు చూడండి. స్టార్, ఫ్రెండ్స్, న్యూ ఫ్రెండ్స్. ఒకప్పుడు మదీనా, బిస్మిల్లా అని ధైర్యంగా రాసుకున్న చోటే ఇప్పుడు స్టార్ అని రాసుకుంటున్నారు. పేరు రాస్తే గిరాకీ పోతుంది. రాయకపోతే 'పేరు దాచి మోసం చేస్తున్నాడు' అంటారు. పేరు రాసినా తప్పే, రాయకపోయినా తప్పే అయినప్పుడు తప్పు బోర్డులో లేదు, మనిషి పుట్టుకలోనే ఉందని చెబుతున్నారన్నమాట. 2022 ఉగాది ముందు కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం నడిపారు. ఉగాది మర్నాడు మాంసం వండుకునే హొసతొడకు పండుగ అక్కడి పల్లెల్లో ఉంది. ఎప్పట్నుంచో కొంటున్న ఖసాయి దగ్గర ఆ ఏడు కొనొద్దన్నారు. 2023 నవంబర్ 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర ఉన్న సరుకుల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఎగుమతికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. అరబ్బు షేక్ డాలర్లిచ్చి కొంటే హలాల్ దేశభక్తి, గల్లీలో ఖాసిం నలభై రూపాయలకి అమ్మితే దేశద్రోహం!

అసలు హలాల్ మన పల్లెలకి నిన్న మొన్న వచ్చిందా? తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళని అడగండి. ఇంట్లో పెళ్ళయినా, ఊళ్ళో పండుగయినా మేకని కోయడానికి ముల్లాసాబుని పిలిచేవాళ్ళు. కోసినందుకు ఆయనకి ఇవ్వాల్సింది ఇచ్చేవాళ్ళు. చాకలి, మంగలి, కుమ్మరి పనిలాగే అదీ ఊరి పని. ఆయన బిస్మిల్లా అని కోసిన మేకని రెడ్లు తిన్నారు, గొల్లలు తిన్నారు, మాదిగలు తిన్నారు. ఎవరికీ అరగకపోలేదు. ముత్తాతలకి అరిగింది మునిమనవలకి ఎందుకు అరగడం లేదు? మేక మారలేదు, కత్తి మారలేదు. సెల్‌ఫోనులో వచ్చిన విషం మారింది.

రాముడి పేరు చెప్పుకుని ఈ విషం పంచేవాళ్ళకి చింతూరు పక్కన పారే నది పేరు గుర్తు చేయాలి. శబరి. జనం చెప్పుకునే కథలో అడవి ముసలమ్మ ఒక్కో పండు కొరికి తీపి చూసి పెడితే రాముడు ఆ ఎంగిలే తిన్నాడు. కులం అడగలేదు. చేతులు చూడలేదు. ఈ నది పోయి కలిసే గోదావరి ఒడ్డున భద్రాచలం ఉంది. ఆ గుళ్ళో కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ గోల్కొండ తానీషా నుంచి వచ్చిందని చెబుతారు. తురక సుల్తాను పంపిన ముత్యాలు రాముడి తలమీద పోయొచ్చు గానీ, తురక సాయిబు వేయించిన కోడి ముక్క రామభక్తుడి నోట్లో పడకూడదా?

దక్షిణాఫ్రికా మాట ఎత్తాం కాబట్టి పూర్తిగా చెప్పుకుందాం. 1860 నుంచి 1911 దాకా దాదాపు లక్షా యాభై రెండు వేలమంది మన దేశపు కూలీలు నటాల్ చెరకు తోటలకి ఓడలెక్కారు. వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ తెలుగువాళ్ళ వారసులు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్‌లో మనవాళ్ళ చేతుల్లో పుట్టిన ఒక తిండి ఉంది, బన్నీ చౌ. రొట్టె దిమ్మె మధ్యలో గుల్ల చేసి అందులో కూర పోసి ఇస్తారు. అది ఎందుకు పుట్టిందో రకరకాలుగా చెబుతారు. లోపల కూర్చుని తినే హక్కు లేని నల్లవాళ్ళకి వాకిట్లోంచి అందించడానికి పళ్ళెం అక్కర్లేని తిండి కావాల్సొచ్చింది అన్నది అందులో ఒకటి. 1953లో తెల్ల ప్రభుత్వం విడివిడి సౌకర్యాల చట్టం చేసి ఈ వేరుబాటుని గట్టిపరిచింది. 1990లో దాన్ని రద్దు చేశారు. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతికి చట్టం అవసరం లేకపోయింది. చట్టం లేకుండానే పుట్టింది, చట్టం వద్దన్నా పూర్తిగా పోలేదు.

1893లో గాంధీ ప్రిటోరియాలో జాన్‌స్టన్ అనే ఆయన హోటల్లో దిగాడు. రైల్లోంచి తోసేసిన సంగతి అందరికీ తెలుసు, ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు. జాన్‌స్టన్ మర్యాదస్తుడు. తనకి వర్ణభేదం లేదనీ, కానీ వచ్చేవాళ్ళంతా తెల్లవాళ్ళు గనక భోజనాల హాల్లో కూర్చోబెడితే వాళ్ళు నొచ్చుకుంటారేమోననీ, గదిలోనే తినమనీ అడిగాడు. తర్వాత వెళ్ళి తక్కిన అతిథుల్ని అడిగాడు. వాళ్ళు మాకేం అభ్యంతరం లేదన్నారు. ఆయన తిరిగొచ్చి గాంధీని హాల్లోకి పిలిచాడు. ఆత్మకథలో గాంధీయే రాసుకున్నాడు. ఇవాళ మన ఊళ్ళలో ముస్లిం వంటవాణ్ణి పనిలోంచి తీసేసే హోటలు యజమాని, ముస్లింకి ఇల్లు అద్దెకివ్వని ఇంటాయన సరిగ్గా జాన్‌స్టన్ మాటే అంటున్నారు: 'నాకేం లేదండీ, పక్కవాళ్ళే ఏమంటారో!' జాన్‌స్టన్ కనీసం వెళ్ళి పక్కవాళ్ళని అడిగాడు. మనవాళ్ళు అడగరు. అడిగితే అభ్యంతరం లేదని చెబుతారేమోనని భయం కాబోలు.

ఇప్పుడు లౌకిక మిత్రులారా, మీతో ఒక మాట. రంజాన్ నెలలో హలీం కోసం పాతబస్తీలో వరసలో నిలబడేది మీరే. 2010లో హైదరాబాద్ హలీంకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మన హలీం అని మురిసిపోయిందీ మీరే. బిర్యానీ మీద వ్యాసాలు రాసేదీ మీరే. సంతోషం. కానీ మా తిండిలో మీకు నచ్చినవి ఆ రెండే. పెద్దకూర మాట వచ్చేసరికి మీ మొహం ముడుచుకుంటుంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు ముందుండి పెద్దకూర పండుగ చేసినప్పుడు వాళ్ళ మీద దాడి జరిగింది. అప్పుడు మీలో చాలామంది 'ఇంత రెచ్చగొట్టడం అవసరమా' అన్నారు. పేదవాడు తన ఇంటి కూరని బహిరంగంగా తినడం రెచ్చగొట్టడమా? 2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రీ దగ్గర బిసాడా గ్రామంలో అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి చంపారు. అతను ఎవర్నీ రెచ్చగొట్టలేదు. ఇంట్లో ఉన్నాడు. హలీం తిన్నంత మాత్రాన మా పక్షాన నిలబడ్డట్టు కాదు. మామూలు రోజున, మామూలు సాయిబు బండి మీద తిననివ్వని గుంపు వచ్చినప్పుడు ఆ బల్ల మీద నుంచి లేవకుండా కూర్చోవడమే నిలబడటం.

మీతో అయింది. ఇక నా వాళ్ళతో.

ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకోవాలంటారు. బయటివాళ్ళు దాడి చేస్తున్నప్పుడు లోపలి లొసుగులు చెప్పొద్దంటారు. అలా అయితే ఎప్పటికీ చెప్పలేం, దాడి ఆగేది లేదు కాబట్టి. ఒకే దస్తర్‌ఖాన్ మీద, ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తింటామని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, అది గొప్పదే. కానీ ఆ దస్తర్‌ఖాన్ చుట్టూ ఎవరెవరు కూర్చుంటున్నారు? సయ్యద్ ఇంటి పెళ్ళిలో దూదేకుల పిల్లాడు అతిథా, మోతగాడా? మాంసం కోసే ఖసాయి ఇంటికి పిల్లనిస్తున్నామా? 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలో వెనుకబడిన వాళ్ళకి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టం జాబితాలో ఖురేషీలు, ఫకీర్లు, హజాంలు, ధోబీ ముస్లింలు ఉన్నారు. సిద్దీలు కూడా ఉన్నారు. మనలో కులం లేదని ఉపన్యాసాలిచ్చిన పెద్దలే ఆ జాబితా ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు.

సిద్దీలు అంటే ఆఫ్రికా సంతతి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే చల్లటి గాలి కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం దగ్గర గుర్రపు సైనికులుగా పనిచేసిన ఆఫ్రికా వాళ్ళ వారసులు ఉండే చోటు. వాళ్ళు మన మసీదుల్లో మన పక్కన నిలబడి నమాజు చదివినవాళ్ళే. ఇస్లాంలో మొదటి అజాన్ ఇచ్చింది హబ్షీ బిలాల్ అని పిల్లలకి చెబుతాం. అదే నోటితో నల్లటి మనిషిని 'హబ్షీ' అని ఎగతాళి చేస్తాం. పెరి పెరి కోడి నచ్చుతుంది, ఆఫ్రికా మనిషి నచ్చడు.

చింతూరు దారిలో హలాల్ అడగడం మీ హక్కు. కానీ కోయ ఆమె కడిగిన పళ్ళెంలో తినననడం, ఆమె చేతి నీళ్ళు తాగననడం, కోడిని మీరే కోసుకున్నాక కూడా 'జంగ్లీ లోగ్' అని మొహం తిప్పుకోవడం మీ హక్కు కాదు. అది దీన్ కాదు, మనం పక్కవాళ్ళ దగ్గర నేర్చుకున్న అంటు. 'సాయిబు హోటలేనా' అని యజమాని పేరు అడిగి లోపలికి అడుగుపెట్టే అలవాటు మనలోనూ ఉంది. ముక్క గురించి అడగండి. మనిషి గురించి అడగకండి. కోర్టు వాళ్ళకి చెప్పిన మాటే మనకీ వర్తిస్తుంది. లేకపోతే వాళ్ళ బోర్డుల మీద కోప్పడే అర్హత మనకి ఉండదు.

చివరికి ఈ కోడి గొడవలో ఎవరూ అడగని మనిషి కోయ ఆమె. 2012లో నాండోస్ వాళ్ళు ఒక టీవీ ప్రకటన తీశారు. 2008లో దక్షిణాఫ్రికాలో వలసవచ్చిన వాళ్ళ మీద దాడులు జరిగి అరవై మందికి పైగా చనిపోయాక, ఆ పరాయి ద్వేషాన్ని వెక్కిరిస్తూ తీసిన ప్రకటన అది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పొగలా మాయమైపోతుంటారు. నల్లవాళ్ళు, భారతీయులు, తెల్లవాళ్ళు అందరూ పోయాక చివరికి ఒక్క సాన్ ఆదివాసీ మిగులుతాడు. నేనెక్కడికీ పోను, మీరొచ్చేసరికే నేనిక్కడున్నాను అన్న అర్థం వచ్చే మాట అంటాడు. అక్కడి టీవీ సంస్థలు దాన్ని చూపించడానికి ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాయి? నిజం చెప్పింది కదా.

'బయటివాళ్ళు వెళ్ళిపోవాలి' అనే లెక్క చింతూరులో వేస్తే ఎవరు మిగులుతారు? కారులో వచ్చిన కుర్రాళ్ళు మిగలరు. మేమూ మిగలం. ఏజెన్సీలో హిందువైనా ముస్లిమైనా గిరిజనేతరుడు గిరిజనేతరుడే. 1970 నాటి ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధన దృష్టిలో షావుకారూ సాయిబూ ఒకటే. మిగిలేది కోయలు, కొండరెడ్లు. కానీ వాళ్ళనే పొమ్మంటున్నాం. పోలవరం ముంపు కోసమే 2014లో ఈ మండలాల్ని ఆంధ్రాలో కలిపారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి డెబ్బై అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని ఇక్కడి ఊళ్ళు మునిగాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటి వచ్చిన గొత్తికోయలు ఇటువైపు అడవుల్లో గుడిసెలేసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదంది. గొత్తికోయలకి ఇటు పక్క గిరిజన ధృవపత్రం దొరకడమే గగనం. వెదురు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తి, ఆ హక్కు ఆదివాసీలది. ఆ వెదురులో కాల్చిన కోడి మీద మాత్రం పట్నం హోటలుకి లాభం.

పొయ్యే మునిగిపోతుంటే దాని మీది కోడి హలాలా ఝట్కానా అని కొట్టుకోవడం ఎవరికి లాభమో ఆలోచించండి. ముస్లింలు, ఆదివాసీలు, దళితులు ఈ దేశంలో తమ తిండి గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తున్నవాళ్ళు. సంజాయిషీ చెప్పేవాళ్ళు ఒకరినొకరు సంజాయిషీ అడగడం మానాలి. ముందు అది చేద్దాం. తర్వాత ఈసారి ఎవరైనా కారు దిగి 'పక్క కొట్టు ఎవరిది' అని అడిగినప్పుడు, ఆ బల్ల మీద కూర్చున్న మనలో ఒక్కరైనా నోరు తెరిచి 'అది నీకెందుకు?' అని తిరిగి అడగాలి.